షెరిఫ్: ఒకే మాట, దేశానికో అర్థం (తరచుగా అడిగే ప్రశ్నలు)

రాబిన్ హుడ్ కథల్లో షెరిఫ్ పేదల్ని పీడించే దుర్మార్గుడు. కౌబాయ్ సినిమాల్లో ఛాతీకి నక్షత్రం బిళ్ల పెట్టుకుని ఊరిని కాపాడేవాడు. ఎడిన్‌బరోలో ఆయన కోర్టులో కూర్చునే జడ్జి. ముంబైలో పెద్దమనిషికి ఇచ్చే గౌరవ పదవి. న్యూజెర్సీలో బాకీ కట్టని ఇంటిని వేలం వేసేవాడు. వీళ్లందరి పేరూ ఒకటే కావడంతో చదివేవాళ్లకు తికమక తప్పదు. ఈ మాట గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

షెరిఫ్ అనే మాట ఎలా పుట్టింది?

రెండు పాత ఇంగ్లిష్ మాటలు కలిసి పుట్టింది. మొదటిది ‘షీర్’. ఇప్పటి యార్క్‌షైర్, లాంకషైర్ లాంటి పేర్ల చివర ఉన్న ‘షైర్’ అదే. దాన్ని జిల్లా అనుకోవచ్చు. రెండోది ‘గెరేఫా’. రాజు తరఫున గానీ భూస్వామి తరఫున గానీ పెత్తనం చూసే అధికారి అని దానర్థం. రాయడం అలా రాసినా పలకడం దాదాపు ‘యెరేవా’ అనే పలికేవారు. అందుకే ఈ మాట తర్వాతి కాలంలో ‘రీవ్’ అయింది. షైర్‌కు రీవ్ ఎవరో ఆయన షైర్‌రీవ్. నోళ్లలో నలిగి నలిగి అదే షెరిఫ్ అయింది.

ఊరికి ఒక రీవ్, వర్తకం సాగే పట్టణానికి పోర్ట్‌రీవ్ ఉండేవారు. వాళ్లందరిలో జిల్లా మొత్తానికి రాజు మనిషి షైర్‌రీవ్. ఈ పదవి 10వ శతాబ్దం చివర, 11వ శతాబ్దం మొదట్లో స్పష్టంగా కనిపిస్తుంది. అంటే 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలుచుకునే నాటికే ఈ మాటా, ఈ ఉద్యోగమూ రెండూ ఉన్నాయి. గెలిచినవాళ్లు మనుషుల్ని మార్చారు గానీ పదవిని తీసెయ్యలేదు.

షైర్ అంటే కోసి పంచిన ముక్క, వాటా అని చదివాను. నిజమేనా?

కాదు. ‘షేర్’, ‘షియర్’ మాటలతో పోలిక ఉండటం వల్ల పుట్టిన ఊహ అది. పాత ఇంగ్లిష్‌లో ‘షీర్’కు మొదటి అర్థం బాధ్యత, అధికార పదవి. ఆ బాధ్యత కింద ఉండే ప్రాంతానికి తర్వాత అదే పేరు నిలిచింది. బిషప్ పరిధిని కూడా ఆ రోజుల్లో షీర్ అనేవారు.

మన షరీఫ్‌కూ ఈ షెరిఫ్‌కూ చుట్టరికం ఉందా?

లేదు. షరీఫ్ అరబ్బీ మాట. గౌరవనీయుడు, ఉన్నత వంశస్థుడు అని అర్థం. మక్కా షరీఫ్‌లు, అజ్మీర్ షరీఫ్ వగైరా పేర్లన్నీ అక్కడివే. తెలుగు పత్రికల్లో రెంటినీ ‘షరీఫ్’ అనే రాయడం వల్ల ఈ అనుమానం ఎక్కువైంది. ఇంగ్లిష్ మాటను ‘షెరిఫ్’ అని రాస్తే గొడవ ఉండదు.

రీవ్ అనే మాట ఇప్పుడు ఎక్కడైనా బతికి ఉందా?

ఇంటిపేర్లలో ఉంది. సినిమా నటుల పేర్లలో వినే రీవ్, రీవ్స్ ఇవే. రీవ్స్ అంటే రీవ్ కొడుకు, లేదా రీవ్ ఇంటివాడు. స్కాట్లండ్‌లో పొలం పనులు చేయించే మేస్త్రీని ‘గ్రీవ్’ అనేవారు. ఆ మాటా ఈ వేరు నుంచే వచ్చి ఇంటిపేరుగా స్థిరపడింది. కెనడాలో కొన్ని గ్రామ పాలక మండళ్ల పెద్దను ఇప్పటికీ రీవ్ అనే అంటారు.

షెరిఫ్ మాట కూడా ఇంటిపేరైంది. దానికి ఒక రూపం ‘ష్రీవ్’. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్ నగరానికి ఆవిరి పడవల కెప్టెన్ హెన్రీ మిల్లర్ ష్రీవ్ పేరు పెట్టారు. ఆ నగరం పేరులో ఒక పాత షెరిఫ్ దాగి ఉన్నాడన్నమాట.

వైకౌంట్ అనే బిరుదుకూ దీనికీ ఏం సంబంధం?

నార్మన్లు దస్తావేజులు లాటిన్‌లో రాసేవారు. షెరిఫ్‌ను ‘వైస్‌కోమెస్’ అని రాసేవారు. కోమెస్ అంటే ప్రభువు స్థాయి పెద్ద, అతని తరఫున పనిచేసేవాడు వైస్‌కోమెస్. ఫ్రెంచిలో అదే వికోంత్, ఇంగ్లిష్‌లో వైకౌంట్. అయితే ఇంగ్లండ్‌లో వైకౌంట్‌ను వంశపారంపర్య బిరుదుగా ఇవ్వడం 1440లో గానీ మొదలుకాలేదు. అప్పటికి షెరిఫ్ వేరు, వైకౌంట్ వేరు. ఆ రోజుల లాటిన్ పత్రాలు తిరగేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అక్కడ వైస్‌కోమెస్ అని కనిపిస్తే అది చాలాసార్లు షెరిఫే.

అసలు ఆ రోజుల్లో షెరిఫ్ చేసే పనేమిటి?

జిల్లాలో రాజు చేసే పనులన్నీ. శిస్తు వసూలు, దొంగల్ని పట్టుకోవడం, జైలు చూసుకోవడం, జిల్లా న్యాయసభ జరపడం, రాజు పంపిన ఉత్తర్వుల్ని అమలు చేయడం, యుద్ధమొస్తే మనుషుల్ని పోగుచేయడం. ఇవాళ కలెక్టరు, ఎస్పీ, సబ్‌జడ్జి, జైలరు, కోర్టు అమీనా విడివిడిగా చేసే పనులు అప్పుడు ఒక్కడి చేతిలో ఉండేవి.

డబ్బు వ్యవహారమే అన్నిటికన్నా ముఖ్యం. చాలా జిల్లాల్లో పద్ధతి మన పాత ఇజారా లాంటిదే. జిల్లా నుంచి ఖజానాకు ఏటా ఇంత చేరాలని ఒక మొత్తం కట్టేసేవారు. దానికి పైన వసూలైనది షెరిఫ్ జేబులోకి. జనాన్ని పిండటానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

లెక్క అప్పజెప్పే తీరు మాత్రం చూడముచ్చటగా ఉండేది. 12వ శతాబ్దంలో ఖజానా అధికారులు పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉన్న బల్ల చుట్టూ కూర్చునేవారు. బల్ల మీద గళ్లు గీసిన నల్లగుడ్డ. ఒక్కో నిలువు వరస పౌన్లకు, షిల్లింగులకు, పెన్నీలకు. షెరిఫ్ కట్టాల్సిన దానికి బిళ్లలు పేర్చి, దాని కింద కట్టిన దానికి బిళ్లలు పేర్చేవారు. తేడా ఎంతో చదువు రానివాడికి కూడా కళ్లెదుటే కనిపించేది. ఆ గళ్ల గుడ్డ వల్లే బ్రిటిష్ ఖజానాకు ఎక్స్‌చెకర్ అనే పేరు వచ్చింది.

కట్టిన డబ్బుకు రసీదు కూడా కాగితం కాదు, పుల్ల. పుల్ల మీద గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌన్లకు అరచేయి వెడల్పు గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌనుకు పండిన బార్లీ గింజంత. తర్వాత పుల్లను నిలువునా చీల్చి సగం షెరిఫ్‌కు, సగం ఖజానాకు. రెండు ముక్కలూ కలిపితే గాట్లు సరిపోవాలి. మోసానికి తావే లేదు. ఈ పుల్లల వాడకం ఎన్నో వందల ఏళ్లు సాగింది. చివరికి 1834 అక్టోబర్ 16న పనికిరాని పాత పుల్లల్ని పార్లమెంటు భవనం కింద పొయ్యిల్లో తగలబెడితే, ఆ మంటకు పార్లమెంటే చాలావరకు కాలిపోయింది.

రాబిన్ హుడ్ కథలో నాటింగ్‌హామ్ షెరిఫ్ నిజంగా ఉన్నాడా?

కథలో షెరిఫ్ ఫలానా మనిషే అని తేల్చే ఆధారం లేదు. కానీ ఆ కోపానికి కారణమైన షెరిఫ్‌లు నిజంగానే ఉన్నారు. ఫిలిప్ మార్క్ అనే ఫ్రాన్స్ దేశస్థుణ్ణి జాన్ రాజు నాటింగ్‌హామ్‌షైర్, డర్బీషైర్‌లకు షెరిఫ్‌గా పెట్టాడు. 1215లో ప్రభువులు తిరగబడి రాజు చేత ఒప్పించిన మాగ్నా కార్టాలో 50వ నిబంధన ఇతణ్ణి పేరుపెట్టి మరీ, ఇతని సోదరులతో సహా పదవుల నుంచి తప్పించాలంటుంది. దేశానికే మూలపత్రం అనదగ్గ దస్తావేజులో ఒక జిల్లా అధికారి పేరు ఎక్కిందంటే జనం ఎంత విసిగిపోయి ఉండాలి! ఇంత జరిగినా అతను మరికొన్నేళ్లు ఆ పదవిలోనే ఉన్నాడు.

ఇంకో సంగతి. అప్పటి పదవి జిల్లాకు సంబంధించినది. నాటింగ్‌హామ్ పట్టణానికంటూ సొంత షెరిఫ్‌లు వచ్చింది 1449లో. నాటింగ్‌హామ్ నగరానికి ఈనాటికీ షెరిఫ్ ఉన్నారు. వేడుకలకు, పర్యాటకులకు స్వాగతం చెప్పడానికి.

అంత అధికారం ఎలా పోయింది?

ఒక్క దెబ్బకు పోలేదు. 1170లో రెండో హెన్రీ రాజు షెరిఫ్‌ల అక్రమాలపై విచారణ జరిపించి చాలామందిని ఇంటికి పంపాడు. 1194లో కరోనర్ అనే కొత్త అధికారిని తెచ్చారు. అనుమానాస్పద మరణాల విచారణ, రాజుకు చెందాల్సిన సొమ్ము లెక్క అతని చేతికి వెళ్లాయి. మాగ్నా కార్టా 24వ నిబంధన పెద్ద నేరాల విచారణ షెరిఫ్ చేయకూడదంది. 14వ శతాబ్దంలో జస్టిస్ ఆఫ్ ద పీస్‌లు అనే స్థానిక మెజిస్ట్రేట్లు వచ్చి మిగిలిన కేసులు తీసుకున్నారు. ట్యూడర్ రాజుల కాలంలో లార్డ్ లెఫ్టినెంట్లు అనే రాజప్రతినిధులు జిల్లాలకు వచ్చి సైన్యాన్ని సమకూర్చే పని కూడా తీసుకున్నారు. చివరికి షెరిఫ్‌కు మిగిలినవి కోర్టు ఉత్తర్వుల అమలు, జ్యూరీని పిలవడం, ఉరిశిక్ష అమలు చేయించడం లాంటివి.

ఈ మిగిలిన పనులే గమనించాల్సినవి. ఇంగ్లిష్‌వాళ్లు వలసలకు వెళ్లిన చోటికల్లా మోసుకెళ్లింది రాబిన్ హుడ్ కాలపు షెరిఫ్‌ను కాదు, ఇలా పనులు తగ్గిన షెరిఫ్‌ను. అక్కడి నుంచి ఒక్కో దేశం తన అవసరాన్ని బట్టి అతనికి పనులు కలిపింది, లేదా తీసేసింది. అందుకే ఎక్కడ షెరిఫ్ అని చదివినా నేను ముందు చూసేది ఒకటే: ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? రాజా, కోర్టా, ప్రభుత్వమా, ఓటర్లా? దాన్ని బట్టే ఆయన అధికారం ఎంతో చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో షెరిఫ్ ఏం చేస్తారు?

ఇంగ్లండ్, వేల్స్ కలిపి 55 మంది హై షెరిఫ్‌లు ఉంటారు. ఏడాది పదవి, జీతం లేదు. జడ్జీలకు మర్యాదలు, స్థానిక సేవా సంస్థలకు అండ, రాచరిక వేడుకలు వాళ్ల పని. 1887 నాటి షెరిఫ్‌ల చట్టం ఇంకా అమల్లో ఉంది.

నియామకం మాత్రం చెప్పుకోదగ్గది. ఏటా నవంబర్ 12న లండన్‌లోని రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్‌లో పేర్లు చదువుతారు. తర్వాతి ఏడాది వసంతకాలంలో ఆ పేర్లు రాసిన పొడవాటి తోలు పత్రాన్ని రాజు ముందు పెడతారు. ఎంపికైన పేరు పక్కన రాజు వెండి సూదితో గుచ్చుతాడు. సంతకం కాదు, చిల్లు. మొదటి ఎలిజబెత్ రాణి తోటలో కుట్టుపని చేసుకుంటుండగా కలం దొరక్క సూదితో గుచ్చిందని ఒక కథ చెబుతారు. కథ బాగానే ఉంది గానీ, ఆమె తాత ఏడో హెన్రీ కాలపు పత్రాల్లోనే ఇలాంటి చిల్లులున్నాయి. సిరాతో పెట్టిన గుర్తును చెరపొచ్చు, తోలుకు పడ్డ చిల్లును పూడ్చలేరు కదా.

లండన్ సిటీకి వేరే పద్ధతి. అక్కడ వృత్తి సంఘాల సభ్యులు ఏటా ఇద్దరు షెరిఫ్‌లను ఎన్నుకుంటారు.

స్కాట్లండ్‌లో షెరిఫ్ జడ్జి ఎలా అయ్యారు?

అక్కడ ఈ పదవిలోని న్యాయసభ భాగమే పెరిగింది, మిగిలినవి రాలిపోయాయి. ఒకప్పుడు షెరిఫ్ పదవి కొన్ని పెద్ద కుటుంబాలకు వారసత్వంగా వచ్చేది. పదవి పోయిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించాలని 1745లో జరిగిన జాకొబైట్ తిరుగుబాటు తర్వాత ఆ వారసత్వపు హక్కుల్ని చట్టం చేసి రద్దు చేశారు. ఆ తర్వాత న్యాయవాదులే షెరిఫ్‌లుగా వచ్చారు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1799 నుంచి 1832లో చనిపోయేదాకా సెల్కర్క్‌షైర్ షెరిఫ్. కథలు రాస్తూనే తీర్పులు చెప్పాడు.

ఇప్పుడు స్కాట్లండ్‌లో ఆరు షెరిఫ్‌డమ్‌లు, అంటే షెరిఫ్ కోర్టుల పరిధులు ఉన్నాయి. ఒక్కోదానికి పెద్దగా షెరిఫ్ ప్రిన్సిపల్ ఉంటారు. జ్యూరీతో నడిచే కేసుల్లో షెరిఫ్ అయిదేళ్ల దాకా జైలు వేయగలరు. నోటీసులు ఇచ్చే, జప్తులు చేసే మనిషిని ‘షెరిఫ్ ఆఫీసర్’ అంటారు, ఆయన షెరిఫ్ కాదు. గ్లాస్గోలోనో అబర్డీన్‌లోనో చదువుకునే మన పిల్లలకు షెరిఫ్ కోర్టు నుంచి కాగితం వస్తే అది పోలీసుల కాగితం అనుకోకూడదు, మెజిస్ట్రేట్ కోర్టు స్థాయికి పైన ఉన్న కోర్టు కాగితం అది.

అమెరికాలో షెరిఫ్, పోలీసు ఒకటేనా?

ఒకటి కాదు. పోలీసు చీఫ్‌ను సాధారణంగా నగర పాలకులు నియమిస్తారు. షెరిఫ్‌ను దాదాపు అన్ని చోట్లా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లు ఎన్నుకుంటారు, ఎక్కువ చోట్ల నాలుగేళ్లకు. టెక్సస్‌లో 254 కౌంటీలు, కౌంటీకొక షెరిఫ్. రోడ్డు మీద కారు ఆపి లైసెన్స్ అడిగేది షెరిఫ్ కాదు, ఆయన కింద పనిచేసే డిప్యూటీ. నగరపాలిక లేని ప్రాంతాల్లో గస్తీ, కౌంటీ జైలు, కోర్టుల భద్రత, కోర్టు కాగితాలు అందించడం ఈ శాఖ పనులు. రాష్ట్రాన్ని బట్టి ఇవి మారతాయి. అలాస్కాలో కౌంటీలే లేవు, షెరిఫ్‌లూ లేరు. కనెక్టికట్ 2000లో ఈ పదవిని తీసేసింది.

సినిమాల్లో కనిపించే పట్టణ మార్షల్ వేరు, ఆయన ఆ పట్టణం వరకే పోలీసు పెద్ద. 1881 అక్టోబర్ 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో జరిగిన ప్రసిద్ధ కాల్పుల్లో వర్జిల్ అర్ప్ పట్టణ మార్షల్, జానీ బీహన్ కౌంటీ షెరిఫ్. ఇద్దరికీ పడేది కాదు.

షెరిఫ్ ఉద్యోగం నుంచి అధ్యక్ష పదవి దాకా వెళ్లినవాడు కూడా ఉన్నాడు. గ్రోవర్ క్లీవ్‌లండ్ 1870ల మొదట్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ కౌంటీ షెరిఫ్. ఉరితీసే పని డబ్బిచ్చి ఇంకొకరితో చేయించవచ్చు. ఆయన అలా చేయించకుండా ఇద్దరు నేరస్థుల ఉరిని తన చేతులతోనే అమలు చేశాడు. తన ఉద్యోగంలోని భారాన్ని వేరొకడి మీద వేయలేదు.

‘షెరిఫ్ సేల్’ అంటే ఏమిటి? మావాళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు చవగ్గా వస్తుందంటున్నారు.

బ్యాంకు అప్పు కట్టని ఇంటిపై కోర్టు తీర్పు ఇచ్చాక, ఆ తీర్పును అమలు చేస్తూ కౌంటీ షెరిఫ్ వేసే వేలం అది. న్యూజెర్సీలో ఇలాగే జరుగుతుంది. పాట గెలిచినవాళ్లు సాధారణంగా 20 శాతం ముందు కట్టాలి. పాత యజమానికి పది రోజుల్లో బాకీ తీర్చి ఇల్లు వెనక్కి తీసుకునే అవకాశం ఉంటుంది. షెరిఫ్ ఆ ఇంటి హక్కుకు ఏ పూచీ ఇవ్వడు. దానిపై వేరే బాకీలు, పన్నులు ఉంటే అవి కొన్నవాళ్ల నెత్తిన పడవచ్చు. లోపల ఇంకా మనుషులు ఉంటున్నా ఉండొచ్చు. లాయరుతో టైటిల్ చూపించకుండా చవగ్గా వస్తుందని మాత్రం దిగొద్దు.

‘పాసీ’ అనే మాటకు షెరిఫ్‌తో ఏం పని?

‘పాసీ కొమిటాటస్’ అంటే జిల్లా బలగం. దొంగల్ని వెంటాడటానికి ఊళ్లోని మగవాళ్లను రమ్మని పిలిచే అధికారం షెరిఫ్‌కు ఉండేది. సినిమాల్లో గుర్రాల మీద బయల్దేరే గుంపు అదే. అమెరికాలో సైన్యాన్ని మామూలు పోలీసు పనులకు వాడకుండా పరిమితులు పెట్టిన 1878 చట్టానికి కూడా ఈ పేరే ఉంది.

మన దేశంలో షెరిఫ్‌లు ఉన్నారా?

ఉన్నారు. 1726 రాజశాసనం మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో మేయర్ కోర్టులు పెట్టినప్పుడు వాటి ఉత్తర్వులు అమలు చేయడానికి షెరిఫ్‌లను కూడా పెట్టింది. తర్వాత ఆ నగరాల్లోనే బ్రిటిష్‌వాళ్ల సుప్రీంకోర్టులు, 1862లో హైకోర్టులు వచ్చాయి, వాటికీ షెరిఫ్‌లు కొనసాగారు. జ్యూరీని పిలవడం, జప్తులు, జైలు వాళ్ల బాధ్యత. ఊరి పెద్దలు అర్జీ పెట్టుకుంటే టౌన్‌హాల్లో బహిరంగ సభ పిలిచేదీ షెరిఫే.

వాళ్లలో మరచిపోలేని వ్యక్తి కలకత్తా షెరిఫ్ అలెగ్జాండర్ మాక్రబీ. 1775 ఆగస్టు 5న మహారాజా నందకుమార్‌ను ఫోర్జరీ నేరం మీద ఉరితీశారు. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌పై ఆరోపణలు చేసిన మనిషిని అలా ఉరితీయడం అన్యాయమని చాలామంది చరిత్రకారుల మాట. ఆ ఉరిని జరిపించాల్సింది మాక్రబీ. ముందురోజు సాయంత్రం జైలుకెళ్లి చూశాడు, మర్నాడు దగ్గరుండి తీసుకెళ్లాడు. చూసినదంతా రాసిపెట్టాడు. నందకుమార్ లేచి సలాం చేసి, తొణకకుండా మాట్లాడాడట. ఉరికంబం దగ్గర సిద్ధమైనట్టు ఎలా సైగ చేయాలన్న మాట వచ్చింది. చేతులు కట్టేస్తారు గనక, కాలితో సైగ చేయాలని అనుకున్నారు. షెరిఫ్ అనే మాట వెనకున్న బరువు అంత సూటిగా తెలిసే రాతలు నేను ఎక్కువ చూడలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఇవి గౌరవ పదవులయ్యాయి. 1980లో దిలీప్ కుమార్ బొంబాయి షెరిఫ్. సునీల్ గవాస్కర్ కూడా ఆ పదవిలో ఉన్నారు. కలకత్తాకు మొదటి మహిళా షెరిఫ్ రవీంద్ర సంగీత గాయని సుచిత్రా మిత్ర. మద్రాసులో 1990ల చివర్లో పదవిని రద్దు చేశారు. 1953 దాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు కిందే ఉన్నా ఆ షెరిఫ్ పరిధి మద్రాసు నగరమే. నెల్లూరులోనో కడపలోనో కోర్టు జప్తుకు వచ్చింది షెరిఫ్ కాదు, అమీనా.

తెలుగులోకి అనువదించేటప్పుడు ఏం రాయాలి?

అన్ని చోట్లా ఒకే మాట పెట్టొద్దు. స్కాట్లండ్ వార్తలో ‘షెరిఫ్ కోర్టు జడ్జి’ అనండి, ‘పోలీసు అధికారి’ అంటే తప్పు వార్త అవుతుంది. అమెరికా వార్తలో ‘కౌంటీ షెరిఫ్’ అని ఉంచి, మొదటిసారి ‘ఎన్నికైన’ అని చేర్చండి. వచ్చింది డిప్యూటీ అయితే డిప్యూటీ అనే రాయండి. ఇంగ్లండ్ మధ్యయుగ కథల్లో ‘జిల్లా అధికారి’ బాగానే నప్పుతుంది, ‘దండనాయకుడు’ అంటే సేనాధిపతి అనుకుంటారు. ముంబై, కోల్‌కతాలకు ‘నగర షెరిఫ్’ చాలు. ఆస్ట్రేలియా వార్త అయితే చాలా చోట్ల షెరిఫ్ కార్యాలయం పని జ్యూరీని పిలవడం, కోర్టు ఉత్తర్వులు అమలు చేయడం కాబట్టి ‘కోర్టు అధికారి’ అని రాయొచ్చు.